కాలేజీల ఊళ్లో మా కాపురం

2023 మే నెలలో మా ఆవిడకి హైదరాబాద్ నుంచి గుంటూరు బదిలీ అయింది. తను బ్యాంకు ఆఫీసరు. ఆర్డరు రాగానే బ్రాంచిలో వాళ్లంతా "పోన్లెండి, బాబు చదువుకి ఇక బెంగలేదు" అన్నారట. మావాడు అప్పుడే ఆరో తరగతిలోకి వస్తున్నాడు. ఆరో తరగతి పిల్లాడి గురించి జనం అలా మాట్లాడటం నాకు వింతగా తోచింది. ఇక్కడికొచ్చి ఒక నెల గడిచేసరికి ఆ వింత పోయింది.

నేను ఇంట్లోంచే పనిచేస్తాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. నెట్ బాగుంటే హైదరాబాదైనా గుంటూరైనా నాకొకటే. అందుకని ఇల్లు వెతకడం, సామాను దింపించుకోవడం, గ్యాసు, పాలు, స్కూలు అన్నీ నా నెత్తినే పడ్డాయి. మా ఇద్దరిలో ఈ ఊరిని వీధివీధీ తిరిగి చూసింది నేనే. "గుంటూరు ఎలా ఉంటుంది, రావచ్చా" అని ఫోన్లో అడిగేవాళ్లకి ముక్కలుముక్కలుగా చెప్తున్నదే ఇక్కడ కాస్త ఓపిగ్గా రాస్తున్నాను.

హైదరాబాద్ నుంచి వచ్చినవాడికి గుంటూరు చిన్న ఊరే. ఆ మాట ఇక్కడివాళ్ల ముందు అంటే ఊరుకోరు. 1866లోనే మున్సిపాలిటీ, 1994లో కార్పొరేషన్ అయిన ఊరు. 2011 లెక్కల్లోనే ఆరున్నర లక్షల దాకా జనం. నేను చిన్నదంటున్నది తిరిగే మేరని బట్టి. బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం, విద్యానగర్, కొరిటెపాడు, ఈ నాలుగైదు చోట్ల తిరిగితే మా రోజు అయిపోతుంది. బడి, బ్యాంకు, డాక్టరు, కూరగాయలు, సినిమా అన్నీ స్కూటీ మీద పావుగంటలోపే.

ఇల్లు వెతకడం దగ్గర మొదలుపెడతాను. ఈ ఊరి గుట్టంతా నాకు అక్కడే తెలిసింది.

బదిలీ ఆర్డర్లొచ్చేది మే, జూన్‌లో. ఇంటర్లో చేరే పిల్లల తల్లిదండ్రులు గుంటూరు మీద పడేది కూడా అప్పుడే. పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి, అటు తెనాలి, రేపల్లె పల్లెల నుంచి కుటుంబాలు వచ్చి పోర్షన్లు పట్టుకుంటాయి. తల్లీ పిల్లా ఇక్కడుంటారు, తండ్రి ఊళ్లో పొలం చూసుకుంటాడు. రెండేళ్లు ఆ కాపురం అలాగే నడుస్తుంది. హాస్టల్లో వేయడానికి మనసొప్పనివాళ్లు, హాస్టల్ తిండి పడని పిల్లలున్నవాళ్లు ఇలా వస్తారు. ఇంటి ఓనర్లకి వీళ్లంటే మహా ఇష్టం. ఉండేది ఇద్దరు. చుట్టాలు రారు, టీవీ పెట్టరు. రెండేళ్లకి కచ్చితంగా ఖాళీ చేస్తారు. తర్వాత వచ్చేవాళ్లకి అద్దె పెంచి చెప్పొచ్చు.

నేను వెళ్లి "మూడేళ్లుంటామండీ, వీలైతే ఇంకా ఎక్కువే" అని గొప్పగా చెప్పేవాణ్ని. హైదరాబాద్‌లో ఆ మాట వింటే ఓనర్లు కుర్చీ వేసి కూర్చోబెట్టేవారు. ఇక్కడ మొహం అదోలా పెట్టేవారు. "బాబు ఏ కాలేజీ అండీ?" "ఆరో తరగతండీ." "ఓ... మరి ఇక్కడికెందుకొచ్చారు?" ఈ ఊరికి చదువుకోసం కాకుండా ఇంకెందుకైనా ఎవరైనా వస్తారని వాళ్లకి తట్టదు. ఆ తర్వాత "మీరేమిట్లండీ?" అనే ప్రశ్న ఉండనే ఉంటుంది. కులం అడగడంలో ఇక్కడ దాపరికం లేదు, మంచినీళ్లు ఇచ్చినంత మామూలుగా అడిగేస్తారు. జవాబు నచ్చకపోతే "మా అబ్బాయిని అడిగి చెప్తామండీ" అంటారు. ఆ అబ్బాయి అమెరికాలో ఉంటాడు. ఫోను మాత్రం రాదు.

చూసిన పోర్షన్లు కూడా ఒక మాదిరివి కావు. ఒకచోట హాలుని ప్లైవుడ్‌తో రెండుగా చీల్చారు, అటొక మంచం ఇటొక మంచం. ఒకచోట గోడ నిండా పీరియాడిక్ టేబుల్, త్రికోణమితి ఫార్ములాలు, పెన్సిల్‌తో పరీక్షల తేదీలు. సున్నం వేసినా కింద నుంచి కనిపిస్తున్నాయి. ఇంకోచోట వంటిల్లనేది పేరుకే. గట్టు మీద ఒక స్టవ్వూ ఒక గిన్నే పెడితే మూడోదానికి చోటు లేదు. ఇదేంటండీ అంటే ఆ ఇంటావిడ నవ్వేసి, "వంటేం చేస్తారులెండి, కిందే కర్రీ పాయింట్ ఉందిగా" అంది.

ఒక సౌకర్యం మాత్రం ఒప్పుకుని తీరాలి. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో దారి తప్పడమనేది ఉండదు. వీధులు గళ్లనోటుపుస్తకంలా ఉంటాయి. 4/11 అంటే నాలుగో లైను, పదకొండో అడ్డరోడ్డు. ఆటో అబ్బాయికి ఆ రెండంకెలు చెప్తే చాలు. తెల్లదొరల పేర్లతో వేసిన పేటలు, ఆ లెక్క ఇప్పటికీ పనిచేస్తోంది.

చివరికి ఇల్లు దొరికింది ఒక జిరాక్స్ షాపతని పుణ్యాన. ఆధార్ కాపీలు తీయించుకుంటుంటే మాటల్లో అడిగాడు. "రిటైర్డ్ లెక్చరర్ ఒకాయన ఉన్నారన్నా, కాస్త చాదస్తం, మనిషి మంచోడే" అని పంపించాడు. మాస్టారి ఇల్లు బ్రాడీపేటలో. కింద వాళ్లు, మొదటి అంతస్తు మాకు, పైన ఇంకో చిన్న వాటా. అద్దె మేం హైదరాబాద్‌లో ఇచ్చినదాంట్లో సగానికి కొంచెం పైన. మాస్టారు కులం అడగలేదు. తెలుగులో ఏం చదివారు, లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చేవి అని అడిగారు. నలభై దాటినవాణ్ని, పదో తరగతి మార్కులు చెప్పాల్సొచ్చింది. ఆ తర్వాత షరతు పెట్టారు. "చూడు బాబూ, పై వాటాలోకి ఇంటర్ పిల్ల దిగుతోంది, బైపీసీ. రాత్రి తొమ్మిది దాటాక టీవీ వినపడకూడదు, మీవాడు గెంతకూడదు. పరీక్షల ముందు మిక్సీ కూడా పొద్దున ఏడు తర్వాతే." ఒప్పుకున్నాం.

మా ఇంటికి ఆ పూట పెట్టిన షరతే, పేట మొత్తానికీ అదే పద్ధతి. ఇక్కడ రోజు పిల్లల గంటల్ని బట్టి నడుస్తుంది. తెల్లారకముందే కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లలో లైట్లు వెలుగుతాయి. ఏడింటికి ఇంజనీరింగ్ కాలేజీ బస్సులు వరసగా ఊరు దాటుతాయి. పాత కాలేజీలు ఊళ్లోనే ఉన్నాయి. 1885 నాటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల, అందరూ ఏసీ కాలేజీ అంటారు, ఎన్టీఆర్ చదివిందక్కడే. హిందూ కాలేజీ, ఆడపిల్లల ప్రభుత్వ కాలేజీ, 1946లో మొదలైన మెడికల్ కాలేజీ కూడా ఊరి నడుమనే. తర్వాత వచ్చినవి బయటికి జరిగాయి. 1976లో నాగార్జున యూనివర్సిటీ బెజవాడ దారిలో వెలిసింది. ఆ తర్వాత చౌడవరం, వడ్లమూడి, వడ్డేశ్వరం ఊళ్లలో ఇంజనీరింగ్ కాలేజీలు, ఇప్పుడు అమరావతి వైపు విట్, ఎస్ఆర్ఎం యూనివర్సిటీలు. దాంతో పొద్దున్నే పెద్ద పిల్లలంతా బయటికి పోతారు. ఊళ్లో మిగిలేది ఇంటర్ పిల్లలు, గ్రూప్స్‌కీ బ్యాంకు పరీక్షలకీ కోచింగ్ తీసుకునే పాతికేళ్లవాళ్లు.

సాయంత్రం ఆ బస్సులు తిరిగొస్తే లాడ్జి సెంటర్లో కదలడం కష్టం. దానికి తోడు శంకర్ విలాస్ దగ్గర పాత రైలు వంతెనని, కొత్తది కట్టడానికి 2025లో మూసేశారు. ఊరిని రెండుగా కోసే రైలు పట్టాలకి ఇటున్నవాళ్లు అటు వెళ్లాలంటే కంకరగుంట మీదుగానో, మూడు వంతెనల కిందుగానో పోవాలి. పావుగంటలో ఎక్కడికైనా వెళ్లొచ్చన్నానే, ఆ మాట అప్పటినుంచి కొంచెం సవరించుకోవాలి. వానొస్తే వంతెనల కింద నీళ్లు. నేను ఆ రోజుల్లో బయటికే వెళ్లను.

సుఖాలు చెప్పుకోవాలంటే ముందు తిండి. చదువుకునే పిల్లల జేబుని బట్టి పెట్టిన ధరలు కాబట్టి ఊరందరికీ చౌక. పొద్దున కారప్పొడి, నెయ్యి వేసిన ఇడ్లీ, సాయంత్రం పులిబొంగరాలు, రాత్రి పది దాటినా వేడిగా ఏదో ఒకటి దొరుకుతుంది. మా ఆవిడకి ఆడిట్ ఉన్న రోజుల్లో మెస్ నుంచి క్యారేజీ తెప్పించుకుంటాం. గోంగూర పచ్చడి, పప్పు, వేపుడు, పెరుగు. ఇద్దరికని తెప్పిస్తే ముగ్గురికి సరిపోతుంది. కారం సంగతి మాత్రం ముందే చెప్పుకోవాలి. మావాడు మొదట్లో ప్రతి ముద్దకీ నీళ్లు తాగేవాడు. ఇప్పుడు హైదరాబాద్ వెళ్తే వాళ్ల నాయనమ్మ వంట చప్పగా ఉందంటున్నాడు.

రెండోది వైద్యం. మెడికల్ కాలేజీ, పెద్దాసుపత్రి పక్కనే ఉండటం వల్ల కొత్తపేట నిండా డాక్టర్లే. పైవాటా అమ్మాయి తల్లికి ఒక రాత్రి కడుపునొప్పి వస్తే పది నిమిషాల్లో డాక్టరు ముందు కూర్చున్నాం. స్పెషలిస్టు అపాయింట్‌మెంట్ కోసం హైదరాబాద్‌లో వారం ఆగిన సందర్భాలున్నాయి మాకు. పల్నాడు నుంచి పేషెంట్లు ఇక్కడికే వస్తారు కాబట్టి పొద్దుటిపూట ఆ వీధుల్లో అడుగు తీసి అడుగు వేయలేం. సాయంత్రం ఏడు తర్వాత వెళ్తే ప్రాణానికి హాయి.

మూడోది పుస్తకాలు. ఇది నా సొంత సుఖం. బృందావన్ గార్డెన్స్ వేంకటేశ్వరస్వామి గుడి దగ్గర అన్నమయ్య గ్రంథాలయం ఉంది. ఎక్కడా దొరకని పాత తెలుగు పుస్తకాలు, పత్రికల పాత సంచికలు అక్కడ చూశాను. శనివారం మధ్యాహ్నాలు నావి అక్కడే గడుస్తాయి. లైబ్రరీలంటే ఈ ఊళ్లో ఇంకో రకం కూడా ఉన్నాయి. నెలకింత అని కట్టి కుర్చీ, ఫ్యానూ, ప్లగ్ పాయింటూ అద్దెకి తీసుకునే రీడింగ్ రూములు. వాటిలో పుస్తకాలుండవు, ఎవరివి వాళ్లే తెచ్చుకుంటారు. 2025 ఏప్రిల్‌లో 16,347 టీచరు పోస్టులతో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు వాటిలో కుర్చీ దొరకడం గగనమైంది. మా ఇంట్లో ఇన్వర్టర్ పాడైనప్పుడు నేనూ ల్యాప్‌టాప్ పట్టుకుని ఒకదాంట్లో కూర్చున్నాను. నా పక్కన ఒకమ్మాయి ఒళ్లో పసిపిల్ల. పిల్ల నిద్రపోతోంది, ఆమె సైకాలజీ మెథడ్స్ చదువుతోంది. ఫోన్లో మీటింగ్ మాట్లాడాల్సొస్తే బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాను. అంత నిశ్శబ్దం మా ఆఫీసులో కూడా ఎప్పుడూ వినలేదు.

నాలుగోది మే నెల. పరీక్షలైపోతాయి, హాస్టళ్లు ఖాళీ అవుతాయి. ఏప్రిల్ చివర్లో బ్రాడీపేట వీధుల్లో పాత సామాను అమ్మకం జరుగుతుంది. ఇనప మంచాలు, కూలర్లు, పరుపులు, టేబుళ్లు, స్టీలు బీరువాలు. నేను ఆఫీసు పని చేసే టేబులు అలా కొన్నదే. దాని మీద ఎవరో కాంపస్ ముల్లుతో "ర్యాంక్ కావాలి" అని చెక్కారు. మా ఆవిడ దాని మీద బట్ట కప్పమంటుంది. నేను కప్పలేదు. ఆ నెలంతా పేట సద్దుమణుగుతుంది, జిరాక్స్ షాపులు సగం మూసేస్తారు, మెస్‌లకి సెలవు. కింద మాస్టారు అరుగు మీద కుర్చీ వేసుకుని "ఇప్పుడు ఊరు మాది" అంటారు. ఆ సంతోషం అనుభవించాలంటే మాత్రం రోహిణి కార్తె ఎండలో మాడాలి. పగలు పన్నెండు నుంచి ఐదు దాకా వీధిలో కుక్క కూడా తిరగదు.

ఇక నాకు నచ్చనివి. అన్నిట్లోకి పెద్దది మావాడి బడి. మేం అడిగిన బళ్లలో ఎక్కువభాగం ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, ఒలింపియాడ్ అంటాయి. ఒక బడిలో ప్రిన్సిపాల్‌ని ఆటస్థలం గురించి అడిగాను. "గ్రౌండ్ ఎందుకు సార్, ఆదివారం స్టేడియానికి తీసుకెళ్లండి, బెస్ట్" అన్నారు. ఆయన వెటకారంగా అనలేదు, నిజంగానే సలహా ఇచ్చారు. నాలుగంతస్తుల భవనం, కింద పార్కింగ్, ఆ పార్కింగ్‌లోనే ప్రార్థన. చివరికి ఊరి బయట గ్రౌండ్ ఉన్న బడి ఒకటి పట్టుకున్నాం. పొద్దున ఏడున్నరకే వ్యాను. పక్కింటివాళ్లు ఇప్పటికీ జాలిపడతారు, "అక్కడ ర్యాంకులు రావండీ" అని. పదకొండేళ్ల పిల్లాడికి ర్యాంకు దేనికండీ అంటే నవ్వి ఊరుకుంటారు. వాళ్ల దృష్టిలో నేను ఇంకా ఊరికి అలవాటు పడలేదు.

రెసిడెన్షియల్ కాలేజీల గేట్ల దగ్గర ఆదివారాలు ఒకసారి నిలబడి చూస్తే ఎవరికైనా మనసు ఎలాగో అవుతుంది. ఊళ్ల నుంచి వచ్చిన తల్లిదండ్రులు చెట్ల కింద దుప్పట్లు పరుచుకుంటారు. క్యారేజీల్లో కోడికూర, గారెలు, అరిసెలు. బయటికి వదిలిన కాసేపట్లో పిల్లలు తినేసి, అమ్మ ఫోన్లో పది నిమిషాలు ఏదో చూసి, మళ్లీ లోపలికి వెళ్తారు. కొందరు పిల్లలు మాట్లాడనే మాట్లాడరు. తల్లి జడ వేస్తూ ఉంటుంది, పిల్ల కూర్చుని ఉంటుంది. ఫలితాలొచ్చే రోజు పేటంతా ఫ్లెక్సీలు, టపాకాయలు. ఆ రోజు ఫ్లెక్సీల్లో లేని పిల్లలే ఎక్కువమంది కదా, వాళ్లెలా ఉన్నారోనన్న ఆలోచన నాకు వదలదు.

పై వాటా అమ్మాయి గురించి చెప్పాలి. వాళ్లది పల్నాడు వైపు ఊరు, మిర్చి రైతులు. తల్లి మా ఆవిడతో వదినా వదినా అంటూ బాగా కలిసిపోయింది. తండ్రి సీజన్లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లారీకెత్తించి మిర్చి యార్డుకి వచ్చినప్పుడు ఇక్కడే దిగేవాడు. ఫిబ్రవరి నుంచి యార్డు జోరు మీదుంటుంది. నరసరావుపేట రోడ్డు వైపు వెళ్తే తుమ్ములాగవు. పరీక్షలూ మిర్చీ ఒకే కాలంలో రావడం యాదృచ్ఛికమే అయినా, మా పైవాటాలో రెండూ ఒకే లెక్కలోకి వచ్చేవి. ఆయన రాత్రిపూట మా వరండాలో కూర్చుని, తేజ రకం మిర్చి ఎంత పలికింది, కాలేజీకి కట్టాల్సింది ఇంకా ఎంత, కౌలు ఎంత అని వేళ్ల మీద లెక్క వేసేవాడు. 2025 సీజన్లో ధర బాగా పడిపోయింది. క్వింటాకి 11,781 రూపాయల చొప్పున ఆదుకుంటామని కేంద్రం ప్రకటించింది కూడా ఆ ఫిబ్రవరిలోనే. "అన్నా, పోయినేడు ఈ సరుక్కే ఎంత వచ్చిందో తెలుసా" అని ఒకే మాట మళ్లీమళ్లీ అనేవాడు. పైన పిల్ల జంతుశాస్త్రం పైకి చదువుతూ ఉండేది. ఆయన గొంతు పెరిగితే మాస్టారు కింద నుంచి దగ్గేవారు.

ఆ మే 4న నీట్ అయింది. ఫిజిక్స్ ఆ ఏడు పిల్లలందరినీ ఏడిపించింది. తనకి డాక్టరు సీటు రాలేదు. లాంగ్‌టర్మ్, అంటే ఇంకో ఏడాది నీట్ కోచింగ్, పెట్టిద్దామని తల్లి పట్టుబట్టింది. తండ్రి ఇక చాలన్నాడు. ఎంసెట్ ర్యాంకు మీద వ్యవసాయ కోర్సులో సీటొచ్చి బాపట్ల వెళ్లిపోయింది పిల్ల. వెళ్లేటప్పుడు తల్లి ఏడ్చింది, తండ్రి మాత్రం "మందులెప్పుడు కొట్టాలో ఇక మా ఇంట్లోనే చెప్తారు" అని అందరికీ స్వీట్లు పంచాడు. వాటా ఖాళీ అయిన వారంలోపే ఇంకో తల్లీ కొడుకూ దిగారు, ఈసారి ఎంపీసీ. మా ఆవిడ వాళ్లతో ఇంకా పెద్దగా మాట్లాడదు. మళ్లీ రెండేళ్లకి వెళ్లేవాళ్లే కదా అంటుంది.

నాకూ అదే బాధ. ఎన్టీఆర్ స్టేడియంలో షటిల్ ఆడతాను. నాతో ఆడేవాళ్లు మెడికల్ కాలేజీ హౌస్ సర్జన్లు. ఏడాది కలిసి ఆడతాం, ఆట కుదిరే సమయానికి పీజీకో ఇంకో ఊరికో వెళ్తారు. కొత్త బ్యాచ్ వస్తుంది, మొదటి నెలంతా "అంకుల్" అని పిలుస్తారు. కోచింగ్ పిల్లల్లో ఒకబ్బాయి మావాడికి లెక్కలు చెప్పేవాడు, బ్యాంకు ఉద్యోగం వచ్చి వెళ్లాడు. మంచిదే. మావాడు మాత్రం నెల రోజులు ఇంకొకళ్ల దగ్గర కూర్చోలేదు. ఈ ఊళ్లో పుట్టిపెరిగినవాళ్లకి చుట్టాలు, కులం, గుడి, పొలం అన్నీ ఉంటాయి. వాళ్ల లోకం వాళ్లది. వచ్చిపోయే పిల్లలకి వాళ్ల లోకం ఉంటుంది. చదువూ లేక చుట్టరికమూ లేక మధ్యలో ఉన్న మాలాంటివాళ్లు తక్కువ. బ్యాంకువాళ్లు, రైల్వే డివిజన్ ఆఫీసువాళ్లు, కొత్తగా రాజధాని పనుల మీద వచ్చినవాళ్లు. మేమంతా ఒకళ్లనొకళ్లం వెతికి పట్టుకోవడానికే ఏడాది పైన పట్టింది.

ఉద్యోగాల సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. చదువు ఇక్కడ, జీతం ఇంకోచోట. మాస్టారి శిష్యుల్లో గుంటూరులో మిగిలినవాళ్లు డాక్టర్లు, లాయర్లు, లెక్చరర్లు, వ్యాపారస్తులు. నాలాంటి పనివాడు కంపెనీ మారాలంటే హైదరాబాదో బెంగళూరో చూసుకోవాలి. ఆఫీసుకి రమ్మని కబురొచ్చినప్పుడల్లా తెల్లారేసరికి పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాను, అందులో సగం మంది ముఖాలు నాకిప్పుడు తెలుసు. కాస్త పెద్ద షాపింగ్, విమానం, జనవరిలో పుస్తకాల పండగ, వీటన్నిటికీ బెజవాడే. ముప్పై అయిదు కిలోమీటర్లు, బస్సులకి కొదవలేదు. అయినా ఆదివారం సాయంత్రం "ఎక్కడికెళ్దాం" అని మావాడు అడిగితే నా దగ్గర జవాబులు తక్కువే. సినిమా, హోటలు, చలికాలమైతే ఉప్పలపాడు చెరువు దగ్గర కొంగలు, గూడబాతులు. ఒక్కోసారి వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో నాటకాలు. అవి నాకు ఇష్టం, వాడు నిద్రపోతాడు.

ఈ మేతో మా ఆవిడకి ఇక్కడ మూడేళ్లు నిండుతాయి. బదిలీ అడగాలా, పొడిగింపు అడగాలా అని ఇంట్లో సంక్రాంతి నుంచీ చర్చ. తనకి ఇక్కడే ఉండాలనుంది. బ్రాంచికి నడిచి వెళ్తుంది, సాయంత్రం ఆరున్నరకి ఇంట్లో ఉంటుంది. హైదరాబాద్‌లో ఆ వేళకి ఇంకా బస్సులోనే ఉండేది. నాకూ ఉండాలనే ఉంది, మావాడి ఇంటర్ దాకా. ఇంటర్ దగ్గరే ఇద్దరికీ పడటంలేదు. రాష్ట్రమంతా పిల్లల్ని ఇక్కడికి తెస్తుంటే మనం ఇక్కడినుంచి తీసుకెళ్లిపోతామా అంటుంది తను. ఆ గేట్ల దగ్గర ఆదివారాలు చూసినవాణ్ని, నేను వాణ్ని హాస్టల్లో వేయను. వేసినా ఇంటి నుంచి వెళ్లొచ్చే పద్ధతిలోనే. అలా వెళ్లొచ్చేవాళ్లకి కూడా రాత్రి తొమ్మిది దాకా స్టడీ అవర్లు అంటున్నారు. దాని మీద ఇంకా తేలలేదు. వాడిప్పుడు ఎనిమిదిలో ఉన్నాడు కాబట్టి తేల్చడానికి టైముంది.

మాస్టారికి మాత్రం టైము లేదు. "ఉంటారా, ఖాళీ చేస్తారా, ఏప్రిల్ పదిహేనులోపు చెప్పు బాబూ. పేరెంట్స్ అడుగుతున్నారు" అన్నారు మొన్న. ఉంటామన్నాను. అద్దె పదిహేను వందలు పెంచుతానన్నారు, వెయ్యి చేయమన్నాను. మాస్టారి భార్య పిన్నిగారు లోపల్నుంచి "వెయ్యి చాల్లెండి, వాళ్లు మిక్సీ ఏడు తర్వాతే వేస్తున్నారు" అన్నారు. వెయ్యికే ఖాయమైంది.